కాపలా కణమే కాటేస్తే..!

* రక్షక కణాన్ని క్యాన్సర్ కణంగా మార్చే చిన్న ప్రోటీను
* నిప్పంటించి తప్పుకొనే 'ట్యాక్స్'.. ఆరిపోనీయని 'హెచ్‌బీజడ్'
* తల్లిపాల దారిలోనే అడ్డుకట్ట వేసిన నాగసాకి

పశువుల బారి నుంచి పైరును కాపాడేందుకు రైతు చేను చుట్టూ కంచె వేస్తాడు. ఆ కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోగలడు? మనిషి రక్తంలోనూ అటువంటి విపరీతం సంభవిస్తుంది. రోగక్రిములను తరిమికొట్టవలసిన తెల్ల రక్తకణమే అదుపు తప్పి, ఒకటి పదిగా, పది వేలుగా పెరిగి, తాను కాపాడవలసిన శరీరాన్నే కబళిస్తుంది. ఇందుకు మూలం ఆ కణంలోకి చొరబడిన ఒక వైరస్. ఆ వైరస్ తయారుచేసే ఒక చిన్న ప్రోటీను ఈ విధ్వంసానికి తొలి నిప్పురవ్వ.

ఆ వైరస్ పేరు హెచ్‌టీఎల్‌వీ-1. దానివల్ల కలిగే రక్త క్యాన్సర్‌ను వైద్యులు 'వయోజన టి-కణ ల్యుకేమియా' అని, క్లుప్తంగా ఏటీఎల్ అని వ్యవహరిస్తారు. మనుషులకు సోకే రెట్రోవైరస్‌లలో మొట్టమొదట బయటపడింది ఇదే. హెచ్ఐవీ ఆ తరువాతనే వెలుగు చూసింది. అయినా హెచ్ఐవీ పేరు పల్లెపల్లెకూ చేరింది గానీ దీని పేరు విన్నవారు అరుదు. చంటిబిడ్డగా ఉన్నప్పుడు తల్లిపాలతో ఒంట్లో చేరి, మనుమలను ఎత్తుకునే వయసులో ప్రాణాల మీదకు తేవడం ఈ వైరస్ ప్రత్యేకత. ఆ సుదీర్ఘ కాలంలో కణం లోపల ఏం జరుగుతుందన్నది నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన పరిశోధనల సారాంశం.

క్యూషూ దీవి ఇచ్చిన ఆనవాలు

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కియోషి తకత్సుకి, ఆయన సహచరులు 1977లో 16 మంది రక్త క్యాన్సర్ రోగుల వివరాలను ప్రచురించారు. అందరూ పెద్దవారే. వారి రక్తంలో వింత కణాలు కనిపించాయి. వాటి కేంద్రకం గుండ్రంగా కాక, పువ్వు రేకులు విచ్చుకున్నట్లు చీలికలు చీలికలుగా ఉంది. అందుకే వాటికి పూల కణాలని పేరు వచ్చింది. రోగుల పుట్టిన ఊళ్లను ఆరా తీయగా అత్యధికులు నైరుతి దిక్కున ఉన్న క్యూషూ దీవి వారని తేలింది. ఒకే ప్రాంతంలో పుట్టినవారికి ఒకే రకమైన క్యాన్సర్ వస్తున్నదంటే, దాని వెనుక అంటుకునే కారణమేదో ఉండాలన్న అనుమానం బలపడింది.

1980లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో రాబర్ట్ గాలో బృందం ఒక టి-కణ క్యాన్సర్ రోగి కణాల నుంచి కొత్త రెట్రోవైరస్‌ను వెలికి తీసింది. 1981లో జపాన్‌లో యోరియో హినుమా బృందం ఏటీఎల్ రోగుల రక్తంలో ఇటువంటి వైరస్‌కు వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకాలను గుర్తించింది. రెండు దేశాల వారూ చూసింది ఒకే వైరస్‌నని తరువాత రూఢి అయింది. 1983లో మిత్సుఆకి యోషిదా బృందం ఆ వైరస్ జన్యుపటాన్ని పూర్తిగా చదివింది. అందులో ఉన్నవి సుమారు 9 వేల అక్షరాలే. మనిషి కణంలోని జన్యుపటం 300 కోట్ల అక్షరాలకు పైబడినదని గుర్తుచేసుకుంటే, ఎంత చిన్న ప్రాణి ఎంత పెద్ద వ్యవస్థను లొంగదీసుకుంటున్నదో అర్థమవుతుంది.

కణంలో శాశ్వత కాపురం

రక్తంలోని తెల్ల కణాలలో టి-కణాలు ఒక తరగతి. వీటిలో సీడీ4 రకం కణాలు రోగనిరోధక వ్యవస్థకు గ్రామ పెద్దల వంటివి. ఏ క్రిమి వచ్చింది, ఎవరిని పంపాలి, దాడి ఎప్పుడు ఆపాలి అన్న ఆజ్ఞలు వీటి నుంచే వెలువడతాయి. హెచ్ఐవీ కన్ను పడేదీ, హెచ్‌టీఎల్‌వీ-1 కన్ను పడేదీ ప్రధానంగా ఈ కణాల మీదనే. మొదటిది వాటిని చంపుతుంది. రెండవది చంపదు. వాటిని పెంచి పోషిస్తుంది.

కణంలో ప్రవేశించిన వెంటనే ఈ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. ఆ డీఎన్‌ఏను తీసుకువెళ్లి కణపు డీఎన్‌ఏలో అతికిస్తుంది. అప్పటి నుంచి అది ఇంటికి వచ్చిన చుట్టం కాదు, దస్తావేజులో పేరు ఎక్కించుకున్న వాటాదారు. కణం ఎప్పుడు రెండుగా విడివడినా వైరస్ నకలు కూడా రెండు పిల్ల కణాలకూ సంక్రమిస్తుంది. కొత్త కణాల మీదకు దూకడం కన్నా, ఉన్న కణాన్నే పదే పదే విభజింపజేసి సంతతిని పెంచుకోవడమే దీని ప్రధాన జీవనమార్గం. అందుచేతనే కణాన్ని విభజనకు పురికొల్పే ఆయుధం దానికి అత్యవసరం.

పేరు ట్యాక్స్.. పన్ను కాదు

ఆ ఆయుధమే 'ట్యాక్స్' అనే ప్రోటీను. పేరు వినగానే పన్నుల శాఖ గుర్తుకు వచ్చినా దానికీ దీనికీ సంబంధం లేదు. వైరస్ జన్యుపటంలో పని తెలియని ఒక భాగానికి శాస్త్రవేత్తలు తొలుత 'ఎక్స్' అని గుర్తు పెట్టారు. ఆ భాగం నుంచి పుట్టి, ఇతర జన్యువులను మేల్కొలిపే ప్రోటీను కనుక ఆంగ్లంలోని ఆ మాటలను కుదించి ట్యాక్స్ అన్నారు. 353 అమైనో ఆమ్లాల గొలుసు ఇది.

కొన్ని జంతు రెట్రోవైరస్‌లు క్యాన్సర్ జన్యువు పక్కనే వాలి దానిని రెచ్చగొడతాయి. హెచ్‌టీఎల్‌వీ-1 అలా చేయడం లేదని, రోగికీ రోగికీ అది వేరువేరు చోట్ల అతుక్కుంటున్నదని పరిశోధకులు గమనించారు. ఎక్కడ వాలినా ఫలితం ఒకటే అయినప్పుడు దోషం వాలిన చోటులో లేదు, వైరస్ తయారుచేసే ప్రోటీనులో ఉందన్న నిర్ణయానికి వచ్చారు.

ఆగని మోటారు

ట్యాక్స్ చేసే మొదటి పని వైరస్ సొంత జన్యువులను మేల్కొలపడం. ఇందుకు కణంలోనే ఉన్న క్రెబ్ అనే ప్రోటీనును వాడుకుంటుంది. అసలు ప్రమాదం రెండవ పనితో మొదలవుతుంది.

మన రక్షక కణాలలో 'ఎన్ఎఫ్-కప్పా బి' అనే ఒక ఆజ్ఞాప్రోటీను ఉంటుంది. క్రిమి ఏదీ లేనప్పుడు దానిని మరొక ప్రోటీను పట్టి ఉంచుతుంది, కేంద్రకంలోకి పోనివ్వదు. క్రిమి చొరబడిన కబురు అందగానే 'ఐకేకే' అనే ఎంజైము ఆ పట్టు విడిపిస్తుంది. విడుదలైన ఆజ్ఞాప్రోటీను కేంద్రకంలోకి వెళ్లి 'పెరుగు, విభజించు, చావకు' అన్న ఆదేశాలిచ్చే జన్యువులను నడిపిస్తుంది. పని ముగిశాక పట్టి ఉంచే ప్రోటీను మళ్లీ తయారై దానిని కట్టివేస్తుంది. పొలంలో మోటారు స్టార్టరు నొక్కితే నీరు వస్తుంది, మడి తడవగానే ఆపివేస్తారు. ఆరోగ్యవంతమైన కణంలో జరిగేది అదే.

ట్యాక్స్ నేరుగా ఐకేకే ఎంజైముకు అతుక్కుంటుంది. క్రిమి లేకపోయినా, కబురు రాకపోయినా దానిని నిరంతరం పనిచేయిస్తుంది. స్టార్టరు మీట నొక్కినచోటే ఇరుక్కుపోయినట్లు మోటారు ఆగదు. టి-కణాల పెరుగుదలకు అవసరమైన ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు కణం పైపొర మీద దట్టంగా మొలుస్తాయి. కాలం తీరిన కణం తనంతట తాను అంతరించే ఏర్పాటు మూలన పడుతుంది. చావవలసిన కణం చావదు, ఆగవలసిన విభజన ఆగదు.

కాపలాదారుల నోరు నొక్కి..

కణం అడ్డదిడ్డంగా పెరగకుండా ప్రకృతి పలు అంచెల కాపలా పెట్టింది. ట్యాక్స్ ఆ కాపలాదారులను ఒక్కొక్కరినే లొంగదీస్తుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు విభజనను నిలిపివేసే పీ53 ప్రోటీను కణంలోనే ఉంటుంది, కానీ దాని మాట చెల్లకుండా పోతుంది. విభజన వేగానికి కళ్లెం వేసే పీ16 ప్రోటీనూ నిర్వీర్యమవుతుంది. దెబ్బతిన్న డీఎన్‌ఏను మరమ్మతు చేసే పనులు మందగిస్తాయి.

కణం రెండుగా విడివడేటప్పుడు క్రోమోజోములు ఇద్దరికీ సమంగా అందాయా లేదా అని చూసే వ్యవస్థ మరొకటి ఉంది. అన్నదమ్ముల ఆస్తి పంపకాలలో పెద్దమనిషి పాత్ర అది. అందులో ముఖ్యమైన మ్యాడ్1 అనే ప్రోటీనుకు ట్యాక్స్ అతుక్కుని దాని పని చెడగొడుతుంది. పంపకం వికటిస్తుంది. ఒక పిల్ల కణానికి క్రోమోజోములు ఎక్కువ, మరొకదానికి తక్కువ వస్తాయి. వేగంగా పెరగడం, తప్పులు దిద్దుకోకపోవడం, చావకపోవడం అనే మూడు లక్షణాలూ ఒకే కణంలో కలిసిన నాడు క్యాన్సర్‌కు నేల సిద్ధమైనట్లే.

ప్రయోగశాలలో దొరికిన రుజువులు

1989లో వెలువడిన ఒక పరిశోధనలో శాస్త్రవేత్తలు ట్యాక్స్ ఉన్న ఎక్స్ భాగాన్ని మరొక వైరస్ వాహకం ద్వారా మనిషి టి-కణాలలోకి ప్రవేశపెట్టారు. కొద్ది వారాలలో అంతరించవలసిన కణాలు, ఇంటర్‌ల్యూకిన్-2 అందుతున్నంత కాలం అంతులేకుండా పెరుగుతూ పోయాయి. 2006లో టి-కణాలలో ట్యాక్స్ తయారయ్యేలా మార్చిన ఎలుకలకు ఏటీఎల్‌ను పోలిన క్యాన్సర్ వచ్చినట్లు మరొక బృందం ప్రకటించింది.

రోగుల కణాలలోనూ సాక్ష్యం లభించింది. ఒక రోగి క్యాన్సర్ కణాలన్నిటిలో వైరస్ డీఎన్‌ఏ ఒకే చోట అతికి ఉన్నట్లు 1984లో యోషిదా బృందం చూపింది. మందలోని పశువులన్నిటి మీదా ఒకే చోట ఒకే ముద్ర ఉంటే అవి ఒకే యజమానివని తెలిసినట్లు, ఆ కణాలన్నీ వైరస్ సోకిన ఒకే ఒక్క కణం సంతతి అని దీనితో తేలిపోయింది. క్యాన్సర్ వచ్చాక వైరస్ చేరలేదు, వైరస్ చేరిన కణమే క్యాన్సర్ అయింది.

నిప్పంటించి తప్పుకొనే నేర్పు

ఇక్కడే పరిశోధకులకు ఒక చిక్కు ఎదురైంది. ఇంత చేటు చేసే ట్యాక్స్, ముదిరిన ఏటీఎల్ కణాలను పరీక్షిస్తే చాలామంది రోగులలో కనిపించలేదు. కొందరిలో ఆ జన్యువే చెడిపోయి ఉంది. కొందరిలో దానిని నడిపే డీఎన్‌ఏ భాగం ఊడిపోయింది. మరికొందరిలో రసాయన ముద్రతో మూతపడి ఉంది.

కారణం మన శరీర రక్షణ వ్యవస్థలోనే ఉంది. ట్యాక్స్ ముక్కలు కణం పైపొరపై కనిపించగానే హంతక టి-కణాలు ఆ కణాన్ని గుర్తుపట్టి సంహరిస్తాయి. అందుచేత ట్యాక్స్‌ను ఎల్లవేళలా తయారుచేసే కణానికి మనుగడ లేదు, దానిని దాచిపెట్టగలిగిన కణమే బతికి బట్టకడుతుంది.

ట్యాక్స్ తప్పుకున్నాక పని ఎవరు నడుపుతారు? 2002లో ఫ్రాన్స్ పరిశోధకులు దీనికి దారి చూపారు. వైరస్ డీఎన్‌ఏను ఒక దిక్కు నుంచి చదివితే ట్యాక్స్ వస్తుంది. ఎదురు దిక్కు నుంచి చదివితే 'హెచ్‌బీజడ్' అనే మరో ప్రోటీను వస్తుందని వారు కనుగొన్నారు. జపాన్‌లో మసావో మత్సుఓకా బృందం 2006లో జరిపిన పరిశోధనలో పరీక్షించిన ఏటీఎల్ రోగులందరి కణాలలోనూ దీని జాడ కనిపించింది. హెచ్‌బీజడ్ ట్యాక్స్ ఉత్పత్తిని అణచివేస్తూ కణాన్ని హంతక కణాల కంట పడకుండా ఉంచుతుంది. అదే సమయంలో కణ విభజనను నెమ్మదిగా సాగిస్తుంది. ఒకటి మంట రగిలిస్తే మరొకటి నివురు కప్పి కాపాడుతుందన్నమాట.

ట్యాక్స్ పూర్తిగా అదృశ్యం కాదని 2018లో మత్సుఓకా బృందమే వెల్లడించింది. ఏటీఎల్ రోగి నుంచి పెంచిన ఒక కణ సంతతిలో ఏ క్షణాన చూసినా అతికొద్ది కణాలలోనే ట్యాక్స్ మేల్కొని ఉంది. కొంతసేపటికి అది సద్దుమణిగి, వేరే కణంలో మేల్కొంటుంది. ఆ కాస్త మెలకువను సైతం అణచివేసినప్పుడు మొత్తం కణసమూహమే నశించింది.

426 మంది ఏటీఎల్ రోగుల కణాల జన్యువులను పరిశీలించి జపాన్ శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన అధ్యయనం మరొక ముడి విప్పింది. క్యాన్సర్ కణాలలో శాశ్వతంగా చెడిపోయిన జన్యువులలో అనేకం, ట్యాక్స్ ఇన్నాళ్లూ లాగి పట్టుకున్న ఆజ్ఞల మార్గంలోనివే. తొలుత వైరస్ ప్రోటీను బలవంతంగా నొక్కి ఉంచిన మీట, కాలక్రమంలో కణపు సొంత జన్యువుల లోపంతో అక్కడే బిగుసుకుపోతుంది. ఇక తెరచిన చేయి తప్పుకున్నా తూము మూసుకోదు.

అందరికీ రాదు.. వస్తే వదలదు

వైరస్ సోకిన ప్రతి ఒక్కరూ క్యాన్సర్ బారిన పడరు. జీవితకాలంలో ఏటీఎల్ వచ్చేది నూటికి సుమారు ఐదుగురికే. బాల్యంలో వైరస్ సోకినవారికే ముప్పు అధికం. కణంలో తప్పులు ఒకదానిపై ఒకటి పేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. జపాన్‌లో ఈ వ్యాధి సాధారణంగా అరవై ఏళ్లు పైబడినవారిలో బయటపడుతున్నది. మరికొందరిలో ఇదే వైరస్ వెన్నుపామును దెబ్బతీసి కాళ్లు బిగుసుకుపోయేలా చేస్తుంది.

వ్యాధి తీవ్రరూపం దాల్చితే మెడ, చంకలు, గజ్జలలో బిళ్లలు కడతాయి. చర్మంపై దద్దుర్లు, గడ్డలు వస్తాయి. ఎముకలు కరిగి రక్తంలో కాల్షియం విపరీతంగా పెరుగుతుంది. కాపలా కణాలే శత్రువులైనందున మామూలు క్రిములు సైతం విజృంభిస్తాయి. తీవ్ర రకంలో చికిత్స చేసినా సగం మంది ఏడాది తిరగకముందే మరణిస్తున్నట్లు జపాన్ సర్వేలు తెలిపాయి. క్యాన్సర్ కణం పైపొరను గురిపెట్టే మొగములిజుమాబ్ అనే మందుకు 2012లో, వలెమెటోస్టాట్ అనే మరో మందుకు 2022లో జపాన్ అనుమతినిచ్చింది. దాత నుంచి మూలకణాల మార్పిడి కొందరిని నిలబెడుతున్నది. అయినప్పటికీ వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించే మందు గానీ, సోకకుండా ఆపే టీకా గానీ నేటికీ లేవు.

నాగసాకి తల్లుల త్యాగం

మందు లేనిచోట మార్గాన్ని మూసివేయడమే ఉపాయం. ఈ వైరస్ రక్తపు నీటిలో స్వేచ్ఛగా తిరగదు. బతికున్న తెల్ల కణంలోనే దాగి ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. తల్లిపాలు, లైంగిక సంబంధం, రక్తమార్పిడి, ఒకరు వాడిన సూది మరొకరు వాడటం దాని దారులు. జపాన్ 1986లోనే రక్తదాతలకు ఈ పరీక్షను ప్రవేశపెట్టింది.

క్యూషూ దీవిలోని నాగసాకి ప్రాంతం 1987లో మరో ముందడుగు వేసింది. గర్భిణులకు పరీక్ష చేసి, వైరస్ ఉన్నట్లు తేలిన తల్లులు బిడ్డకు చనుబాలు మాని డబ్బా పాలు పట్టాలని సూచించింది. ఒంట్లో ఏ బాధా లేని తల్లికి, ఎప్పుడో అరవై ఏళ్ల తరువాత రావచ్చునో రాకపోవచ్చునో తెలియని జబ్బు కోసం నేడు పాలు ఇవ్వవద్దని చెప్పడం తేలిక కాదు. దానిని పాటించడం అంతకన్నా కష్టం. అయినా వేలాది తల్లులు పాటించారు. ఎక్కువ కాలం తల్లిపాలు తాగిన బిడ్డలలో నూటికి ఇరవై మందికి సోకే వైరస్, డబ్బా పాలు తాగినవారిలో ఇద్దరు ముగ్గురికి పరిమితమైంది. 2010 తరువాత జపాన్ దేశమంతటా గర్భిణులకు ఈ పరీక్ష అందుబాటులోకి వచ్చింది. తల్లి కోరితే మూడు నెలలలోపే పాలు మాన్పించే పద్ధతిని సైతం అక్కడి వైద్యులు ఇప్పుడు పరిశీలిస్తున్నారు.

మన తల్లులు బెదరనక్కరలేదు

ఈ సంగతి విని మన ప్రాంతంలో చంటిబిడ్డకు పాలు మాన్పించడం పెద్ద పొరపాటు అవుతుంది. నైరుతి జపాన్, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా, ఆఫ్రికాలలో కొన్ని భాగాలు, ఇరాన్‌లోని మషాద్ పరిసరాలు, మధ్య ఆస్ట్రేలియా ఈ వైరస్‌కు నెలవులు. ప్రపంచం మొత్తం మీద కనీసం 50 లక్షల నుంచి కోటి మందిలో ఇది ఉన్నట్లు 2012లో అంచనా వేశారు. భారతదేశంలో ఇది అరుదుగానే కనిపించింది. అతిసారం, న్యుమోనియాల నుంచి బిడ్డను కాపాడే తల్లిపాలకు మన దగ్గర సాటి మరొకటి లేదు. పరీక్షలో వైరస్ ఉన్నట్లు నిర్ధారణ అయిన తల్లి మాత్రమే వైద్యుని సలహాతో నిర్ణయం తీసుకోవాలి.

మన రక్తనిధి కేంద్రాలలో హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. హెచ్‌టీఎల్‌వీ ఆ జాబితాలో లేదు. ఏళ్ల తరబడి తగ్గని చర్మపు గడ్డలు, బిళ్లలతో పాటు రక్తపరీక్షలో తెల్ల కణాలు, కాల్షియం కారణం తెలియకుండా పెరిగితే పెద్దాసుపత్రిలో రక్తవ్యాధుల నిపుణులను సంప్రదించడం మంచిది.

నాగసాకిలో 1987లో పుట్టిన బిడ్డలు ఇప్పుడు నడివయసుకు చేరువవుతున్నారు. ఏటీఎల్ సాధారణంగా తల ఎత్తే వయసుకు వారు చేరడానికి మరో పాతికేళ్లు పడుతుంది. తల్లుల త్యాగం ఎన్ని ప్రాణాలు నిలిపిందో పూర్తిగా లెక్క తేలేది అప్పుడే. మామిడి టెంక పాతిన తాతకు పండు దక్కకపోయినా మనుమలకు దక్కినట్లు, ఆ లెక్క చూసేందుకు ఆనాటి తల్లులలో చాలామంది ఉండకపోవచ్చు. కణం లోపల ఒకసారి బిగుసుకుపోయిన మీటను వెనక్కు తీయడం నేటి వైద్యానికి కష్టసాధ్యం. దాని మీద వైరస్ చేయి పడకుండా చూడటం మాత్రం సాధ్యమేనని వారు నిరూపించారు.